సోమవారం ఎరుపు

"ఆదివారం ఎరుపు నాకొద్దన్నా. సోమవారం ఎరుపు కావాలె."

విరూపాక్ష ఈ మాట అన్నది 1978 సెప్టెంబరు 5న, జహీరాబాద్‌లో స్టేషన్‌కు వెళ్ళే సందులో ఉన్న రేవణసిద్ధప్ప ప్రెస్సులో. విరూపాక్షకు బొంబాయి రోడ్డు మీద విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. ఏటా దీపావళికి తన దగ్గర కొనే రైతులకు గోడ క్యాలెండర్ ఇస్తాడు. అవి బయటి ఊరి నుంచి అచ్చయి వస్తాయి. పైన దేవుడి బొమ్మ, కింద దుకాణం పేరు, దాని కింద తేదీలు. ఆదివారాలు ఎర్రగా ఉంటాయి.

"ఆదివారం ఎర్రగుంటే నీకేం కష్టమొచ్చింది?" అన్నాడు రేవణసిద్ధప్ప.

"నాకు కాదు. న్యాల్‌కల్ భాగీరథమ్మకు వచ్చింది."

విరూపాక్ష బల్ల మీద కూర్చుని చెప్పాడు. భాగీరథమ్మ ఇంట్లో కొత్త జీతగాడు చేరాడు. చదువు రాదు. ఎరుపు ఉన్న రోజు సెలవు అని ఎవరో చెప్పారు. అతను ఆదివారం ఎడ్లను విడిచిపెట్టి, సోమవారం పొద్దున నాగలి కట్టాడు.

ఆ కర్ణాటక సరిహద్దు ఊళ్ళలో లింగాయత్ రైతులు సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. అది బసవన్న వారం. అమావాస్య నాడు కూడా కట్టరు. అమావాస్యను మిగతా కులాల వాళ్ళూ పాటిస్తారు.

"ముసలామె పొలంల పడి ఉరికిందన్నా. ఆనాటి సంది నా క్యాలెండర్‌ను గోడకు మొకం పెట్టి ఏలాడదీసింది. మొన్న వసూలుకు పోతే చూసిన. నా దుకాణం పేరు గోడకు, తెల్ల కాగితం నా మొకానికి."

కాలితో తొక్కే అచ్చుయంత్రం ట్రెడిల్. దాని దగ్గర సిరా రోలర్లు తుడుస్తున్న పనివాడు రామ్‌కిషన్ నవ్వాడు. "మరి తారీఖు ఎట్ల చూస్తదట?"

"చూడదు. నన్నడుగుతది. దుకాణంకొచ్చి, ఏం సావ్కారీ, ఇయ్యాల నీ కాగితంల ఏం వారం అని అడుగుతది. నలుగురు గిరాకీల ముందర."

విరూపాక్షకు కావలసింది ఇది: 1979 క్యాలెండర్, నెలకొక కాగితం చొప్పున పన్నెండు, వెయ్యి ప్రతులు. సోమవారాలు, అమావాస్యలు ఎరుపు. మిగతావన్నీ నలుపు. ఆదివారం కూడా నలుపే. అక్టోబరు 31 దీపావళి. దానికి నాలుగు రోజుల ముందు చేతికి రావాలి.

"రెండు రంగులు మా దగ్గర రావు. నీకెర్కే కద," అన్నాడు రేవణసిద్ధప్ప.

"వస్తయి," అంది మహాదేవమ్మ.

ఆమె ఆ ప్రెస్సులో కంపోజిటర్. సీసం అక్షరాల అరల ముందు నిలబడి, ఒక్కొక్క అక్షరం ఏరి వరుసగా పేర్చడం ఆమె పని. వయసు ముప్పై ఎనిమిది. ఊరు రాయికోడ్. ఏడో తరగతి దాకా కన్నడంలో చదివింది. తెలుగు ఈ ప్రెస్సులోనే నేర్చుకుంది, అది కూడా తిరగేసి ఉన్న సీసం అక్షరాల మీద. తెలుగు పుస్తకం చదివేటప్పుడు ఇప్పటికీ మొదటి రెండు వాక్యాలు తడబడుతుంది. సీసం అక్షరాల పేజీని తడబడకుండా చదువుతుంది. పద్నాలుగేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది.

విరూపాక్ష వెళ్ళాక రేవణసిద్ధప్ప ఆమెకు అసలు సంగతి చెప్పాడు.

ఆయనకు అరవై ఒకటి. ట్రెడిల్‌నూ, అక్షరాలనూ బీదర్‌లో ప్రెస్సు నడిపే శివరాజ్ కొంటానన్నాడు. పెళ్ళి పత్రికలు, అగర్‌బత్తి లేబుళ్ళు, దుకాణాల బిల్లు పుస్తకాలు, రెండు రంగులు అడిగే పనులన్నీ హైదరాబాద్ పోతున్నాయి. ఇక్కడ మిగిలింది కరపత్రాలు, రసీదులు. శివరాజ్ సెప్టెంబరు 28న లారీ తెస్తానని కబురు పెట్టాడు. రేవణసిద్ధప్ప సరే అన్నాడు.

"నాకు చెప్పలేదు అప్పా," అంది మహాదేవమ్మ.

"చెప్పబుద్ధి కాలేదు."

ఊళ్ళో ఇంకో ప్రెస్సు ఉంది. దాని యజమాని కొడుకే అక్కడ కంపోజిటర్. ఈ ప్రెస్సు పోతే జహీరాబాద్‌లో ఆమె నిలబడి పనిచేసే చోటు లేదు.

"ఇరవై ఎనిమిది దాంక టైం ఉంది గద. ఒక్క నెల కాగితం రెండు రంగులల్ల తీసి చూపిస్త. నచ్చకపోతే లారీ ఎక్కించుండ్రి."

"ఒక్క నెల," అన్నాడు రేవణసిద్ధప్ప. "మంచిగొస్తే యంత్రం ఇక్కడ్నే ఉంటది. రాకపోతే శివరాజ్ తీస్కపోతడు. నన్ను మల్లొక్కసారి అడగొద్దు."

*

ట్రెడిల్ ఒకసారికి ఒక రంగే వేస్తుంది. రెండో రంగు కావాలంటే అదే కాగితాన్ని రెండోసారి యంత్రంలో పెట్టాలి. మొదటిసారి వదిలిన ఖాళీలోనే రెండోసారి అచ్చు పడాలి. అందరికీ తెలిసిన సంగతే. సరిగ్గా ఆ ఖాళీలో పడేట్టు చేయడమే కష్టం.

అయిదేళ్ళ కింద ఆ ప్రెస్సులో ఒక పెళ్ళి పత్రికకు ఇలా ప్రయత్నించారు. నల్ల పేజీ ఒకటి, ఎర్ర పేజీ ఒకటి విడివిడిగా పేర్చారు. పెళ్ళికూతురి పేరు పెళ్ళికొడుకు తండ్రి పేరు మీద పడింది. అప్పుడు పేర్చింది మహాదేవమ్మే. ఎర్ర పేజీని కంటితో అంచనా కట్టి పేర్చానని ఆమె ఒప్పుకుంటుంది.

ఈసారి కన్ను పక్కన పెట్టింది. వారం రోజులు ఆలోచించి చేసిన ఏర్పాటు ఇది.

నెల కాగితంలో ఎడమ పక్కన వారాల పేర్లు, ఆది నుంచి శని దాకా ఏడు వరుసలు. ఒక్కో వరుసలో తేదీలకు ఇళ్ళు, అంటే గడులు. ప్రతి ఇంటికీ ఆమె ఒకే కొలత పెట్టింది. తేదీ ఒక అంకె అయినా, రెండు అంకెలైనా ఇల్లు మారదు. మిగిలిన చోటు సీసం ముక్కలతో నింపింది. తర్వాత అదే కొలతకు ఖాళీ దిమ్మలు తయారు చేసింది. ఖాళీ దిమ్మ అంటే అక్షరం లేని సీసం. అక్షరం కన్నా పొట్టిగా ఉంటుంది కనుక సిరా అంటదు, కాగితం మీద ఏమీ పడదు. కానీ చోటు ఆక్రమిస్తుంది.

ప్రెస్సులో పేజీని బిగించే ఇనుప చట్రాలు మూడున్నాయి. ఆమె రెండు తీసుకుంది. ఒకదానిలో నెల మొత్తం పేర్చింది. రెండోదానిలో అన్నీ ఖాళీ దిమ్మలే పేర్చింది. ఇంటికి ఇల్లు, వరుసకు వరుస, మొదటి చట్రంలో ఉన్నట్టే.

తర్వాత రామ్‌కిషన్‌ను పిలిచింది.

"తమ్మీ, జనవరి ఒకటి సోమవారం. ఎరుపు. చూడు."

మొదటి చట్రంలోంచి 1ని తీసింది. రెండో చట్రంలో అదే ఇంట్లో ఉన్న ఖాళీ దిమ్మను తీసింది. రెంటినీ మార్చి పెట్టింది. 1 రెండో చట్రంలోకి పోయింది. దిమ్మ మొదటి చట్రంలోకి వచ్చింది. అలాగే 8, 15, 22, 29. అమావాస్య 28.

"అయిపోయిందా?" అన్నాడు రామ్‌కిషన్.

"అయిపోయింది."

"ఆరు ముక్కలు మార్చుడేనా? దీనికి వారం దినాల సంది అన్నం తింటలేవా అక్కా?"

"ఒక అంకె రెండు చట్రాలల్ల ఉండదు. ఒక ఇల్లు ఉత్తగుండదు. ఏదన్న మర్చిపోతే బిగించేటప్పుడే తెలుస్తది, చట్రం వదులైతది. కాగితం ఖరాబ్ కాకముందే తెలుస్తది. అర్థమైతుందా?"

రామ్‌కిషన్ రెండు చట్రాలనూ వేలితో మీటి చూశాడు. ఆరేళ్ళుగా కాలితో ట్రెడిల్ తొక్కుతున్నవాడు. ఏ చట్రం వదులుగా ఉందో మోతను బట్టి చెప్పగలడు. రెండూ ఒకేలా మోగాయి.

"అర్థమైంది," అన్నాడు. "నీ ఇంట్ల ఎవ్వనికి దాగుకునేతందుకు జాగ ఉండదన్నట్టు."

విరూపాక్ష ఇచ్చిన తేదీల కాగితం మీద ఆమె ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టింది. ఏడాదికి యాభై మూడు సోమవారాలు, పన్నెండు అమావాస్యలు. రెండు అమావాస్యలు సోమవారం నాడే వచ్చాయి. మొత్తం అరవై మూడు సున్నాలు. సున్నా ఉన్న ప్రతిచోటా ఒక మార్పిడి. రంగు గురించి ఆమె రాసుకున్న నియమం అంతే.

*

సెప్టెంబరు 17, ఆదివారం. జనవరి నల్ల అచ్చు వేశారు. వెయ్యి కాగితాలు, పాడయ్యేవాటికి నలభై ఎక్కువ. ఆ ప్రెస్సులో ఆదివారం పని ఉంటుంది. సెలవు సోమవారం.

ఆ సెలవు కూడా యంత్రానికే. రేవణసిద్ధప్ప తాత పొలం దున్నాడు, తండ్రి బండి తోలాడు. ఆయన ట్రెడిల్ కొన్న ఏడాది నుంచి సోమవారం దాన్ని తొక్కనివ్వలేదు. పొద్దున స్నానం చేసి వచ్చి, పెద్ద చక్రానికి విభూతి మూడు గీతలు పెట్టి, ఒక బిల్వపత్రం ఉంచి వెళ్తాడు. కంపోజింగ్ చేసుకోవచ్చు. అది చేతి పని అంటాడు. ట్రెడిల్ తొక్కడం మెడ మీద బరువు పెట్టడం అంటాడు. యంత్రానికి మెడ ఎక్కడుందని రామ్‌కిషన్ ఒకసారి అడిగాడు. నీకు సెలవు ఇష్టం లేదా అని రేవణసిద్ధప్ప అడిగాడు. ఆ చర్చ అక్కడితో ముగిసింది.

ఆదివారం రాత్రి వాన మొదలై సోమవారమంతా కురిసింది. మంగళవారం పొద్దున తెరిపిచ్చింది. రామ్‌కిషన్ రోలర్లకు ఎర్ర సిరా పట్టించి రెండో చట్రం ఎక్కించాడు.

మొదటి కాగితం తీసి చూశాడు. ఇంకోటి తీసి చూశాడు. ఇరవై తీసి ఆగాడు.

1 తన ఇంటి మధ్యలో ఉంది. 8 కొంచెం ఎడమకు జరిగింది. 15 ఇంకొంచెం. రెండు పెద్ద అంకెలతో ఇల్లంతా నిండిన 29, ఎడమ గీత మీద ఎక్కి కూర్చుంది.

"నీ చట్రంల తేడా ఉంది అక్కా."

"నువ్వు కాగితం ఆనించే పిన్నులు కదిలినయేమో."

"పిన్నులు కదిల్తే ఒకటి కూడ జరగాలె గద. ఒకటి కదల్లేదు. ఇరవై తొమ్మిదే కదిలింది."

అతను చెప్పింది నిజం.

రేవణసిద్ధప్ప కాగితాన్ని వెలుగులో పెట్టి చూశాడు. బల్ల మీద పెట్టాడు. "పాత యంత్రం," అన్నాడు. "దాన్నేమనేదుంది." లోపలికి వెళ్ళాడు. ఇల్లు ప్రెస్సు వెనకే. లోపల ఆయన భార్య శివమ్మతో అంటున్నది వినబడింది. "శివరాజ్ వచ్చే దినం నలుగురికి వంట చెయ్యాల్సుంటది. హమాలీలు కూడ వస్తరు."

రామ్‌కిషన్ మిగతా కాగితాలను కట్ట కట్టడం మొదలుపెట్టాడు.

"కట్టకు," అంది మహాదేవమ్మ.

ఇత్తడి స్కేలు తెచ్చింది. మొదటి చట్రంలో ఎడమ చివరి గీత నుంచి కుడి చివరి గీత దాకా కొలిచింది. తొమ్మిది అంగుళాలు. రెండో చట్రం కొలిచింది. తొమ్మిది. నల్ల అచ్చు పడిన కాగితం మీద అవే గీతల మధ్య కొలిచింది. తొమ్మిది అంగుళాలు, పైన ముప్పై రెండో వంతు.

మళ్ళీ కొలిచింది. రామ్‌కిషన్‌తో కొలిపించింది.

"సీసం తొమ్మిదే. దాని మీద ఒత్తిన కాగితం తొమ్మిది మీదికి ఎట్ల పోయింది?" అంది.

"నన్నడిగితే?"

ఆదివారం అచ్చు వేసిన కాగితం ఒకటి రేవణసిద్ధప్ప నమూనాకని ఇంట్లో ఇనుప బీరువాలో పెట్టుకున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి శివమ్మను అడిగి తెచ్చింది. కొలిచింది. సరిగ్గా తొమ్మిది.

బయటి కాగితం ఒకటి తీసుకుని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యికి రెండు మూరల దూరంలో పట్టుకుని నిలబడింది. శివమ్మ రొట్టె కాలుస్తూ అడిగింది. "అదేంది మహాదేవీ, క్యాలెండర్ను కాలుస్తున్నవా?"

"ఆరబెడుతున్నక్కా. జర సేపు."

పది నిమిషాల తర్వాత కొలిచింది. తొమ్మిది అంగుళాలకు వచ్చింది.

రామ్‌కిషన్ దగ్గరికి వెళ్ళి చెప్పింది. "చట్రంల తేడా లేదు. నీ పిన్నులల్ల తేడా లేదు. కాగితం పెరిగింది."

"కాగితమేమన్న పిల్లగాడా అక్కా, పెరగనీకి?"

"వాన తేమ తాగింది. ఆదివారం పొడిగుండంగ నలుపు వేసినం. సోమవారమంత వానల పడి ఉన్నది. అది పెరిగితే దాని మీది నల్ల గీతలు గూడ జరిగినయి. మంగళవారం సీసం మాత్రం తొమ్మిదే ఉన్నది. ఎడమ పక్క పిన్నుకు ఆనుతది కాబట్టి ఒకటి సరిగ్గ పడ్డది. కుడికి పోయినకొద్ది తప్పింది."

రామ్‌కిషన్ స్కేలు తీసుకుని బీరువా కాగితాన్నీ, బయటి కాగితాన్నీ మళ్ళీ కొలిచాడు. పక్క పక్కన పెట్టి అంచులు చూశాడు.

"అంటే నిన్న తొక్కుంటే అయిపోతుండె," అన్నాడు.

"అయిపోతుండె."

"అంటే తప్పు సోమవారానిదే."

అతను గొంతు తగ్గించాడు. "అక్కా, వచ్చే సోమవారం సేఠ్ పూజ చేసి స్టేషన్ దిక్కు పోతడు గద, రెండు గంటలదాంక రాడు. నేనొచ్చి తొక్కుత. చప్పుడు బయటికి రాకుండ తలుపేస్త. ఎవ్వరికి తెల్వది."

"వద్దు."

"ఎందుకొద్దు? ప్రెస్సు పోతే నువ్వేం చేస్తవు, నేనేం చేస్త?"

"సోమవారం ఎడ్లు కట్టకుండ్రి అని చెప్పే కాగితం ఇది. దీన్ని సోమవారం తొక్కి తీస్తమా? భాగీరథమ్మకు ఏం మొకం పెట్టుకుని పంపుతం?"

"ఆమెకు ఎట్ల తెలుస్తది?"

"నాకు తెలుస్తది గద."

రామ్‌కిషన్ తల గోక్కున్నాడు. "అయితే ఇగ ఎట్ల?"

"రెండు రంగులు ఒక్క దినంల వెయ్యాలె."

*

ఒకే రోజు వేయడానికి అడ్డంకి రోలర్లే. ప్రెస్సులో ఒకే జత ఉంది. నల్ల సిరా వేసిన రోలర్లను కిరసనాయిలుతో ఎంత కడిగినా గంటలో ఎర్ర సిరాకు పనికిరావు. నలుపు మిగిలి ఎరుపు ఇటుక రంగులోకి తిరుగుతుంది. పూర్తిగా పోవాలంటే మూడుసార్లు కడిగి ఒక రాత్రి ఆరబెట్టాలి. అందుకే అన్ని ప్రెస్సుల్లోనూ ఒక రోజు నలుపు, మరో రోజు రంగు.

మహాదేవమ్మ వరుస తిప్పింది. పొద్దున కడిగిన రోలర్లతో ముందు ఎరుపు. మధ్యాహ్నం ఒక్కసారి కడిగి, తర్వాత నలుపు. నల్ల సిరాలో మిగిలిన ఎరుపు కనబడదు. మూడుసార్లు కడగడం సాయంత్రానికి పోతుంది. రాత్రంతా ఆరుతాయి.

"అయిదేండ్ల కింద కూడ ముందు నలుపే వేసినం," అన్నాడు రామ్‌కిషన్. "ఎందుకేసినం?"

"పేజీ అంటే నలుపే అనుకున్నం. ఎరుపు దాని మీద పెట్టే బొట్టు అనుకున్నం."

ఇంకో రెండు పనులు చేసింది. ప్రెస్సు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు జనపనార తాళ్ళు కట్టి, తెల్ల కాగితాలను అయిదేసి చొప్పున చెక్క క్లిప్పులతో వేలాడదీసింది. రెండు రోజులు అలా ఉంచింది. తాగేదంతా అచ్చుకు ముందే తాగనీ అంది. రామ్‌కిషన్ వంగి నడిచాడు. రసీదు పుస్తకాల కోసం వచ్చిన ఒక సొసైటీ గుమాస్తా, లోపల బట్టలు ఆరేశారనుకుని గడప దగ్గరే ఆగాడు.

రెండో పని, తేదీల మధ్య నిలువు గీతలు తీసేసింది. అడ్డ గీతలు మాత్రం ఉంచింది. అంతా సరిగ్గా కుదిరినా కాగితం వెంట్రుకంత జరగవచ్చు. నిలువు గీత ఉంటే ఆ వెంట్రుక తెలుస్తుంది. గీత లేకపోతే తెలియదు. క్యాలెండర్‌కు ఆ గీతలు అవసరమా అని ఆమె విరూపాక్ష దుకాణానికి వెళ్ళి అడిగింది.

"గీతలెందుకమ్మా, నా పేరు జర పెద్దగెయ్యి," అన్నాడు విరూపాక్ష.

రోలర్ల వరుస, తాళ్ళు, గీతలు, ఈ మూడింటి గురించి ఆమె రేవణసిద్ధప్పకు చెప్పింది. సోమవారం గురించి చెప్పలేదు. ఆయనే అడిగాడు.

"నిన్న రాత్రి రామ్‌కిషన్ చెప్పిండు. నా సోమవారం వల్లనే కాగితం ఖరాబైందట."

"వాన వల్ల అయింది అప్పా."

"వాన మంగళవారం గూడ పడుతది. నువ్వు సోమవారం తొక్కుతమని అడగలేదు."

"అడగాల్సిన పని పడలేదు. వేరే తొవ్వ దొరికింది."

ఆయన తాళ్ళ మీది కాగితాలను చూస్తూ నిలబడ్డాడు. ఒకటి కింద పడితే తీసి క్లిప్పు పెట్టాడు.

సెప్టెంబరు 27, బుధవారం. పొద్దున ఏడున్నరకు ఎర్ర చట్రం ఎక్కించారు. ఆ చట్రంలో అచ్చయ్యేవి ఆరు తేదీలే. వెయ్యీ నలభై తెల్ల కాగితాల మీద ఆరేసి ఎర్ర తేదీలు. రామ్‌కిషన్ రెండు గంటలు తొక్కి టీ తాగాడు. సందులోంచి పోతున్న ఒకాయన కిటికీలోంచి చూసి, ఇవేం నంబర్లు, మట్కా జూదానివా అని అడిగాడు. మట్కా అయితే నీకు ఎందుకు చూపిస్తం అన్నాడు రామ్‌కిషన్.

పన్నెండుకు రోలర్లు ఒకసారి కడిగారు. ఒంటిగంటకు నల్ల చట్రం ఎక్కించారు. అంతకు ముందు మహాదేవమ్మ ఎర్ర కాగితం ఒకటి కొలిచింది. 1 ఎడమ అంచు నుంచి 29 కుడి అంచు దాకా పొద్దున ఎంత ఉందో అంతే ఉంది.

రామ్‌కిషన్ మొదటి కాగితం తీసి ఆమెకు ఇచ్చాడు. తాను చూడలేదు.

ఆమె కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. సోమవారం వరుసలో అయిదు తేదీలు ఎర్రగా, నల్ల తేదీల మధ్య, వాటితో సమానంగా నిలబడ్డాయి. ఆదివారం వరుసలో 28 ఒక్కటే ఎరుపు. స్కేలు పెట్టి చూసింది. 22కూ 29కీ మధ్య దూరం ఎంతో, కింది వరుసలో 23కూ 30కీ మధ్య అంతే.

"ఏమైందో చెప్పు అక్కా," అన్నాడు రామ్‌కిషన్ వెనక్కి తిరగకుండా.

"తొక్కు," అంది.

అయిదున్నరకు వెయ్యి అయిపోయాయి. పాడైనవి పదకొండు.

*

శివరాజ్ గురువారం పది గంటలకు వచ్చాడు. లారీ సందులోకి రాలేదు, బొంబాయి రోడ్డు మీదే ఆగింది. వెంట ముగ్గురు హమాలీలు, తాళ్ళు, రెండు వెదురు బొంగులు.

రేవణసిద్ధప్ప ఆయనను కూర్చోబెట్టి జనవరి కాగితం చేతికిచ్చాడు. శివరాజ్ ఇరవై రెండేళ్ళుగా అచ్చు పనిలో ఉన్నవాడు. కాగితాన్ని ముందు వెనక్కి తిప్పి, అక్షరం ఎంత లోతుగా ఒత్తిందో వేలితో తడిమాడు. తర్వాత కళ్ళజోడు తీసి, కంటికి దగ్గరగా పెట్టుకుని 29ని చూశాడు. కట్టలోంచి ఇంకో పది తీయించి, ఒకదాని మీద ఒకటి పెట్టి, వెలుగుకు ఎత్తి చూశాడు. పది ఇరవై తొమ్మిదులూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"హైదరాబాద్‌ల ఎవరి దగ్గర వేయించిన్రు?"

"ఆ ట్రెడిల్ మీద్నే," అన్నాడు రేవణసిద్ధప్ప.

శివరాజ్ ట్రెడిల్ దగ్గరికి వెళ్ళి చక్రం తిప్పి చూశాడు. కొత్త భాగమేదైనా పెట్టారా అని అడ్డంగా వంగి చూశాడు. ఏమీ లేదు.

"ఎట్ల చేసిన్రు?"

"నేను చేయలేదు. ఆమెను అడుగు."

మహాదేవమ్మ రెండు చట్రాలను రాతి బల్ల మీద పక్క పక్కన పెట్టింది. 15ను తీసి, ఎదుటి ఇంట్లోని దిమ్మతో మార్చి చూపించింది. మళ్ళీ వెనక్కి మార్చింది. శివరాజ్ తానూ ఒకటి మార్చి చూశాడు. చట్రం బిగించి వేలితో మీటాడు.

"మూడో రంగు కావాలంటే?"

"మూడో చట్రం. గట్లనే."

"శుక్రవారాలు పచ్చగ కావాలని మా దిక్కు సాయిబులు అడుగుతరు."

"పచ్చదానికి వేరే జత రోలర్లు పెట్టుండ్రి, నలుపు ఆఖరికి. అన్ని ఒక్క దినంల. దినం చాలకపోతే కాగితాన్ని బీరువాల పెట్టుండ్రి, బయట ఉంచకుండ్రి."

శివరాజ్ జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. చట్రాల బొమ్మ గీసి, ఇళ్ళకు గుర్తులు పెట్టుకున్నాడు. రోలర్ల వరుస రాసుకున్నాడు. నిలువు గీతలు ఎందుకు లేవని అడిగి అదీ రాసుకున్నాడు. గంటన్నర పట్టింది. హమాలీలు గడప మీద కూర్చుని బీడీలు తాగారు. శివమ్మ వాళ్ళకు జొన్న రొట్టె, పప్పు పెట్టింది. వాళ్ళు తిని, బొంగులు గోడకు ఆనించి, నీడలో పడుకున్నారు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక శివరాజ్ రేవణసిద్ధప్ప వైపు తిరిగాడు.

"మరి యంత్రం?"

"క్యాలెండర్‌ల ఇంక పదకొండు నెలల కాగితాలు వెయ్యాలె," అన్నాడు రేవణసిద్ధప్ప.

"మీరు మాట ఇచ్చిన్రు అప్పా. లారీ తెచ్చుకున్న."

"ఇచ్చిన. తప్పు నాదే. లారీ కిరాయి నేనిస్త. యంత్రం మాత్రం ఇయ్య."

"దీపావళి తర్వాత?"

రేవణసిద్ధప్ప మహాదేవమ్మ వైపు చేయి చూపించాడు. "తర్వాత సంగతి ఆమెను అడుగు. ఏం పని వస్తదో, ఏం రంగు వస్తదో నాకేం తెలుస్తది."

శివరాజ్ ఆమె వైపు చూశాడు. ఆమె అప్పటికే జనవరి తేదీలను అరల్లోకి తిరిగి పంచుతోంది. ఎర్ర పెన్సిలు సున్నాలున్న ఫిబ్రవరి కాగితం ఎదురుగా గుచ్చి ఉంది. శివరాజ్ కిటికీకీ, అరలకూ మధ్య నిలబడి ఉన్నాడు.

"జర పక్కకు జరుగుండ్రి సేఠ్," అంది. "వెలుగు అడ్డమొస్తున్నది."

ఆయన జరిగాడు.